కొంగు కింద జోల

నా చిన్నప్పుడు, తొంభైల చివర్లో, అనంతపురం చుట్టుపక్కల నాటకాల పిచ్చి ఉన్నవాళ్లలో మా మేనత్త పేరు తెలియనివారు లేరు. వానల్లేక వేరుశెనగ ఎండిపోయిన ఏడాది కూడా ఆమె నాటకమంటే తాడిపత్రి నుంచి లారీలెక్కి వచ్చేవారు. చచ్చిపోయిన కొడుకును ఒళ్లో పెట్టుకుని తల్లి ఏడ్చే పద్యం ఆమెకు పేరు తెచ్చింది. మా జనం సామాన్యులు కారు. వాళ్లు 'వన్స్ మోర్' అంటే చచ్చిన రాజు కూడా లేచి పాడి మళ్లీ చావాల్సిందే.

ఆ కొడుకు వేషం అత్త సొంత కొడుకే వేసేవాడు. నాకంటే ఏడాది చిన్న. ఇంట్లో ఆమె వేరుశెనగ కాయలు ఒలుస్తూ వాడి పేరు కలిపి జోల పాడితే, నిద్రపట్టేదాకా ప్రతి పాదానికీ ఊ కొట్టేవాడు. ఒక ఎండాకాలం జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయాడు.

రెండు నెలలకు బత్తలపల్లె దగ్గర జాతరలో నాటకం. అత్త వెళ్లదనుకున్నాం. వెళ్తానంది. వాడి జరీ చొక్కా ఎనిమిదేళ్ల నాకు తొడిగి, "నేను ఏడ్చేటప్పుడు కదలగాకు పాపా. సచ్చినోళ్లు కదలరు" అంది. ఆమె గొంతు మామూలుగానే ఉంది. నాకే భయం వేసింది.

తెల్లవారబోతుండగా ఆ ఘట్టం వచ్చింది. అత్త పద్యం పాడింది, జనం వన్స్ మోర్ అన్నారు. రెండోసారి పాడుతుంటే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. చొక్కాకు ఇంకా వాడి వాసనే ఉంది. శవం వెక్కితే జనం నవ్వుతారు, అత్త పేరు గంగలో కలుస్తుంది. పెదవి కొరుక్కున్నా ఆగలేదు. అత్త కనిపెట్టి నా ముఖం మీద కొంగు కప్పింది. నా వెక్కిళ్లు అణిగేదాకా రాగం సాగదీసింది. ఊపిరి కోసం రాగాన్ని హార్మోనియానికి వదిలిన ప్రతిసారీ కొంగు కిందికి వంగి నా చెవిలో సన్నగా జోల పాడింది. అందులో పేరు నాది కాదు, వాడిది.

నేను ఊ కొట్టాను, వాడిలాగే. అత్తకు ఊరటగా ఉంటుందనుకున్నాను.

నా తల మీద ఆమె చెయ్యి బిగుసుకుపోయింది. మళ్లీ పద్యం అందుకోలేకపోయింది. హార్మోనిస్టు ఆమె ముఖం చూసి తానే వాయిస్తూ ఉండిపోయాడు. తెర దించేశారు. జనం అదంతా నటన అనుకుని చప్పట్లు కొట్టారు.

పొద్దున బస్సులో అడిగింది. "ఊ అనింది నువ్వేనా?"

"నేనే అత్తా. నీకు బాగుంటాదని."

అత్త కిటికీ వైపు తిరిగింది. "ఒక్క గడియ వాడే అనుకుంటి పాపా. మళ్లా పోగొట్టుకుంటి. ఇంగెప్పుడూ అట్ల సేయగాకు."

తిట్టలేదు. నా తల ఒళ్లో పెట్టుకుంది. తర్వాత చాలా ఏళ్లు వేదికల మీద ఆ పద్యం పాడింది కానీ, జోల మళ్లీ ఎవరికీ వినపడలేదు.

చివరి రోజుల్లో ఆమెకు మతి తప్పింది. ఒకనాడు మంచం పక్కన కూర్చుంటే నన్ను వాడి పేరు పెట్టి పిలిచింది. ఊ నోటిదాకా వచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని, "నేను అత్తా, నీ మేనకోడల్ని" అన్నాను. ఆమె కళ్లు మూసుకుంది.

ఊ కొట్టకపోవడం సరైనదో కాదో నాకింకా తెలియదు. ఆ ఊ మాత్రం ఇప్పటికీ నా గొంతులోనే ఉంది.