ఖుద్దూస్ అమ్మిన తూటాలు

నిజామాబాద్‌లో తుపాకులు బాగుచేసే ఖుద్దూస్‌కు ఒక జబ్బుంది. ఏ వస్తువైనా ఎందుకు పాడైందో తేలేదాకా అతనికి ముద్ద దిగదు. ముప్పై ఏళ్లలో చెడ్డ సరుకు అమ్మాడని ఎవరూ అనలేదు. 1964 చలికాలంలో ఒక పొద్దున రెంజల్ నుంచి వచ్చిన రుక్మాబాయి ఆ మాట అనేసింది.

"నువ్వమ్మిన తూటాలే, ఖుద్దూస్ భాయ్! సెరుకు తోటల వడ్డ అడివిపంది మీదికొస్తుంటే మా ఆయన మూడుసార్లు పిస్తోలు ఘోడా నొక్కిండు. ఒక్కటి పేలలె. ఇప్పుడు కాలు ఈడ్సుకుంట నడుస్తుండు."

పిస్తోలు, పేలని తూటాలు బల్లమీద పెట్టింది. ఖుద్దూస్ ముఖం మాడిపోయింది. నిజాం కాలం నాటి పిస్తోలది, ఆమె మామగారిది. కొత్తరకం తూటాలు అందులో పట్టేవే. కానీ వాటి జోరుకు ఆ ముసలి ఇనుము పగులుతుందని, తక్కువ మందున్న పాతరకమే వెతికి, సీలు విప్పని డబ్బా ఇచ్చాడు. నాలుగేళ్లయింది. మరి లోపమెక్కడ?

గొట్టం శుభ్రంగా ఉంది. పిస్తోలు సుత్తి దెబ్బా గట్టిగానే పడింది, ప్రతి తూటా అడుగునా సొట్ట కనిపిస్తోంది. ఇక ఆగలేక ఒకదాన్ని జాగ్రత్తగా విప్పాడు. మందు ముద్దకట్టింది. వాసన చూశాడు. నువ్వులనూనె! అడుగు సందులో పచ్చగా పసుపు.

"అక్కా, దసరాకు తూటాలకు గూడ పూజ చేస్తరా?"

"సెయ్యకుంటెట్ల? ఏటేటా నేనే సేస్త. నూనె వెట్టి, పసుపు రాసి పీటమీద వెడ్త. గవి గూడ ఆయుధాలే గద!" అంది గర్వంగా.

గుట్టు తేలిన సంబరం ఖుద్దూస్‌కు క్షణం కూడా నిలవలేదు. చెబితే ఆమె గుండె పగులుతుంది. చెప్పకుంటే తన పేరు పోవడం అటుంచి, వచ్చే దసరాకు కొత్త తూటాలకూ నూనె పెడుతుంది.

"పూజ పిస్తోలుకు చెయ్యి అక్కా. తూటాలకు నూనె తగలనియ్యకు. సందులకెల్లి లోపలికి దిగి మందును సంపుతది."

రుక్మాబాయి విప్పిన తూటాను చేతిలోకి తీసుకుని వాసన చూసింది.

"అంటే ఆయన కాలు... నా చేతులతోనేనా?"

"తప్పు నాది, అక్కా. అమ్మిన్నాడే చెప్పాల్సింది." అతనికి నిజంగానే సిగ్గేసింది.

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, అతనిచ్చిన కొత్త తూటాల డబ్బా అందుకుంది.

"ఆయనకు నువ్వు జెప్పకు, భాయ్. నేనే జెప్పుకుంట."