చంటిపిల్లతో ప్రయాణానికి రెండు గౌన్లు

"పిన్నీ, మోచెయ్యి కనిపించిందని ఎయిర్‌పోర్టులోనే వెనక్కి పంపేస్తే?"

అలా అడిగిన అమ్మాయి కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసింది. ఒళ్ళో ఐదు నెలల పాప. వారం తిరిగేసరికి భర్త పనిచేసే ముస్లిం దేశానికి ప్రయాణం. ఏ చోట ఎంత కప్పుకోవాలో విన్నవీ చదివినవీ కలిపి పట్టిక గీసుకొచ్చింది.

అడిగింది టైలరమ్మని. ఆవిడ ఆ దేశంలోనే పన్నెండేళ్ళు ఒక ఆసుపత్రి కుట్టుగదిలో పనిచేసింది. డాక్టర్ల కోట్లు, దిండు గలీబులు, చిరిగిన దుప్పట్లు అన్నీ ఆవిడ చేతి మీదుగా పోయేవి. మోకాళ్ళు మొరాయించాక తిరిగొచ్చి ముందుగదిలో మిషను వేసుకుంది. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకునే మాట్లాడుతుంది. ఒక్కటీ జారదు.

"మొదటిసారి వెళ్ళినప్పుడు నీకంటే ఎక్కువే వణికాలే. ఏదీ, కొన్నవి చూపించు."

మెడ దాకా మూసేసి, వీపున జిప్పున్న మూడు నల్ల గౌన్లు. దళసరి నైలాను. అమ్మాయి ఒకటి తొడుక్కుని, టైలరమ్మ చేత జిప్పు పెట్టించుకుని దర్జాగా అద్దం ముందు నిలబడింది. సరిగ్గా అప్పుడే పాప ఆకలితో రాగం అందుకుంది. తల్లి మెడ దగ్గర తడిమింది, నడుం దగ్గర తడిమింది. దారి లేదు. జిప్పు చేతికందలేదు. పట్టికలో అన్నీ ఉన్నాయి, పాల సంగతి తప్ప. విమానంలో ఏడు గంటలు! ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

"ఇంత చదువుకుని పిల్ల నోటికి తాళం వేశావేంటే!" టైలరమ్మ పకపకా నవ్వి జిప్పు లాగింది.

పాప తాగుతుంటే నింపాదిగా చెప్పింది. "అక్కడ మాత్రం పాలిచ్చే తల్లులు లేరా? మా కుట్టుగదిలోకి వచ్చి కూర్చునేవాళ్ళు. నేనున్న ఊళ్ళో మనల్ని నల్లగౌను వేసుకోమని ఎవరూ అడగలేదు. వదులుగా, మణికట్టు దాకా చేతులు, పాదాల దాకా అంచు. మసీదు చూడ్డానికెళ్తే తలమీద చున్నీ. అంతే. కావాలంటే మీ ఆయన్ని అడుగు, అక్కడ ఆడవాళ్ళు ఏ రంగులు వేసుకుంటున్నారో."

"ఆయన్నా! నేను కట్టుకున్న రంగే ఆయనకి తెలీదు పిన్నీ."

మూడోరోజుకి రెండు నూలు గౌన్లు తయారయ్యాయి. పక్క కుట్టులో, మడత చాటున, పాలివ్వడానికి చీలిక.

విమానంలో పాప రెండుసార్లు తాగి నిద్రపోయింది. పక్కసీటాయనకు తెలియనే లేదు. దిగాక అధికారి పాపను చూసి నవ్వి, పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టి పంపేశాడు. అమ్మాయి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

నెల తర్వాత ఇంకో ఊరికి వెళ్ళాల్సి వచ్చి, ఏం వేసుకోవాలో అడగడానికి మళ్ళీ ఫోన్ చేసింది.

"నన్నడక్కు, ఆ బట్టనే అడుగు," అంది టైలరమ్మ. "తొడుక్కుని కూర్చో, వంగు, పిల్లనెత్తుకో, పాలివ్వు. ఎక్కడా సర్దుకోవాల్సిన పని పడకపోతే, అదేసుకుని బయల్దేరు."

అప్పటినుంచి ఏ ప్రయాణమైనా, ముందురోజు ఒక పూట ఆ బట్టల్లోనే ఆమె ఇంటిపని చేసుకుంటోంది.