ఫోటోలో ఉన్న జుట్టు

నా చిన్నప్పుడు పాకాలలో జనం పోలీసు స్టేషన్ కంటే బ్యాంకుకే ఎక్కువ భయపడేవాళ్లు. దాచుకున్నది తమ డబ్బే అయినా, తీసుకోవడానికి పోయినప్పుడు మాత్రం అప్పు అడగడానికి వచ్చినట్టు చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు. మా అవ్వ ఒక్కతే అలా నిలబడలేదు. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను. నాకప్పుడు పదేళ్లు.

మా నాయనకు కడుపులో గడ్డ లేచి రాయవేలూరు ఆసుపత్రిలో చేర్చారు. అమ్మ ఆయన దగ్గర ఉంది. తెల్లారితే ఆపరేషన్, డబ్బు ముందే కట్టాలన్నారు. అవ్వ ముందురోజు రాత్రే తిరుమలకు పోయి కొడుకు కోసం తలనీలాలు ఇచ్చి పొద్దున వచ్చింది. తర్వాత నన్ను బడి నుంచి పిలిపించుకుని నేరుగా బ్యాంకుకు నడిచింది. పాలమ్మి కూడబెట్టిందంతా అక్కడే ఉంది. మధ్యాహ్నం కాట్పాడి రైలుబండి అందితేనే ఆ సాయంత్రానికి రాయవేలూరు చేరతాం.

అవ్వకు సంతకం రాదు. వేలిముద్ర వేసేవాళ్లకు పాస్‌బుక్కులో ఫోటో అంటించేవాళ్లు. కౌంటరులోని గుమాస్తా ఫోటో చూశాడు. అందులో అవ్వకు ఇంత కొప్పుంది. తలెత్తి ఎదురుగా ఉన్న మనిషిని చూశాడు. నున్నటి గుండు, దాని మీద గంధం.

"ఈమె వేరే. కుదరదు."

"నేనే సామీ. కొండకు పోయి గుండు కొట్టించుకున్నా."

"అయితే జుట్టు వచ్చినాక రా."

హాస్యానికి అనలేదు, నిజంగానే అన్నాడు. రూలట. వేలిముద్ర పోల్చి చూడమంటే అది ఆఫీసరు పనట, ఆఫీసరేమో భోజనానికి పోయాడట, రేపు రావాలట. రేపటికి నా కొడుకు ఆగడని అవ్వ రెండుసార్లు చెప్పింది. ఆయన టీ గ్లాసు అందుకున్నాడు.

అవ్వ ఏడుస్తుందనుకున్నాను. ఆమె నా బడిసంచిలోంచి నోటుబుక్కు తీయమంది.

"రాయి పాపా. ఈ ముసల్ది గుండు కొట్టించుకునింది గాబట్టి ఇది ఇది కాదు. దీని దుడ్డు దీనికియ్యం. దీని కొడుకు ఏమైపోయినా మాకు పనిలేదు. అట్ల రాసి ఆ అయ్య చేతికియ్యి. సంతకం పెట్టి సీలు ఏస్తాడు, తీసుకోని పోదాం."

పెన్సిలుతో రాశాను. గట్టిగా చదవమంది, చదివాను. తిరుమల దగ్గరే కాబట్టి మా వైపు ఏ వరసలో చూసినా ఇద్దరు ముగ్గురు గుండ్లవాళ్లు ఉండనే ఉంటారు. మా వెనక నిలబడిన అలాంటి ఒకాయన, "నాకూ ఒకటి రాసియ్యప్పా, నేనూ నేను కాదు గదా!" అన్నాడు. బ్యాంకంతా గొల్లుమంది.

గుమాస్తా ఆ కాగితాన్ని పాముపిల్లను చూసినట్టు చూశాడు, ముట్టుకోలేదు. సంతకం గింతకం ఎందుకమ్మా అని నసిగాడు.

"నోటితో అన్నావు గదప్పా, చేత్తో పెట్టేదానికేమి? నాకు రాయను రాదు, నీకు వచ్చు గదా!"

ఆ గోలకు లోపలి గది తలుపు తెరుచుకుంది. భోజనానికి పోయిన ఆఫీసరు అక్కడే ఉన్నాడు, చేతికి అంటిన మజ్జిగన్నంతో. నేను రాసింది నిలబడే చదివాడు. చెయ్యి కడుక్కుని పాత వేలిముద్ర తెప్పించి, కొత్తది వేయించి, రెండూ పోల్చి చూశాడు. పావుగంట కూడా పట్టలేదు.

బండి అందింది. ఆపరేషన్ అయింది. నాయన లేచి ఇంటికొచ్చాడు.

ఆఫీసరు ఎంత దయగలవాడో అని మా వీధిలో చాలా రోజులు చెప్పుకున్నారు. అది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది, తలుచుకుంటే ఇప్పటికీ మండుతుంది. ఎవరి డబ్బు ఎవరికిచ్చాడని దయ? అవ్వ ఆయనకు దండం కూడా పెట్టలేదు. మెట్లు దిగుతూ ఎందుకని అడిగాను. "నా దుడ్డు నాకిచ్చినాడు. దానికి దండమెందుకే?" అంది.

నేను కాలేజీ చదువు చదివాను. సంతకం రెండు భాషల్లో పెడతాను. అయినా పెద్ద బ్యాంకుల్లో నాకూ అదే జవాబు, కుదరదు, రేపు రండి. నేను అరవను. అరిస్తే వాళ్లకే సుఖం, నోరున్న మనిషని పక్కన పెట్టేస్తారు. తెల్లకాగితం ఒకటి కౌంటరు మీదికి తోసి, ఇప్పుడన్న మాటే దీని మీద రాసి సంతకం పెట్టండి అంటాను.

ఇంతవరకు ఒక్కరూ పెట్టలేదు.