నాలుగు ఓవర్లు, సున్నా పరుగులు

ఖతార్‌లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ జరిగిన మరుసటి శీతాకాలంలో కంపెనీ నన్ను దోహా కార్యాలయం నుంచి దుఖాన్ క్యాంపుకు సంక్షేమ అధికారిగా బదిలీ చేసింది. మెస్ తనిఖీ, గదుల కేటాయింపు, ఫిర్యాదుల రిజిస్టరు నా పనులు. కంపెనీ క్రికెట్ జట్టు స్కోరు పుస్తకం కూడా ఆ ఉద్యోగంలో భాగమే.

చేరిన వారంలోనే బీరువాలోని పాత పుస్తకాలన్నీ చదివాను. పారాయణం అలవాటైనవాణ్ణి, మొదలుపెట్టింది మధ్యలో ఆపలేను. సెంచరీలు ఉన్నాయి, హ్యాట్రిక్‌లు ఉన్నాయి. ఇరవై ఓవర్ల ఆటలో ఒక బౌలర్‌కు దక్కేవి నాలుగు ఓవర్లే. ఆ నాలుగూ వేసి ఒక్క పరుగూ ఇవ్వనివాడు మాత్రం ఏ పేజీలోనూ లేడు. వైడ్, నోబాల్ కూడా బౌలర్ లెక్కలోకే వస్తాయి. బంతి బ్యాటుకు కాక కాలికి తగిలి వచ్చే పరుగు, అంటే లెగ్‌బై, అతనికి పడదు.

రాజేశం జగిత్యాల వైపువాడు, మా దగ్గర పరంజాలు కట్టే స్కాఫోల్డర్. ఎడమచేతి స్పిన్ వేసేవాడు. ఒప్పందం ముగిసి మరో పది రోజుల్లో ఇంటికి పోతున్నాడు. అల్ వక్రా జట్టుతో ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆడిందే అతని చివరి మ్యాచ్.

రెండు జట్ల స్కోరర్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. వక్రా స్కోరరు సలీం నిజామాబాద్‌వాడు. అసర్ నమాజ్ వేళ కాగానే తన పుస్తకం నా ముందుకు జరిపి, "జర చూడుండ్రి సారూ" అని చెప్పి వెళ్ళేవాడు. ఆ రోజు కూడా అలాగే వెళ్ళి వచ్చాడు.

అప్పటికి రాజేశం మూడు ఓవర్లు వేశాడు. పరుగు ఇవ్వలేదు. నాలుగో ఓవర్లో ఐదు బంతులు కూడా అలాగే పోయాయి. బౌండరీ దగ్గరున్న మా మెస్ వంటవాడు, "ఒక్కటన్న ఇయ్యరాదే మామా, గింత పిసినితనం ఎక్కడ నేర్చినవ్?" అని అరిచాడు. మైదానమంతా నవ్వింది. రాజేశం నవ్వలేదు.

చివరి బంతికి నేను చేయకూడని పని చేశాను. కళ్ళు మూసుకుని నరసింహస్వామిని తలచుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి బ్యాట్స్‌మెన్ అటు ఇటు మారి ఉన్నారు. పరుగు వచ్చిందన్న బాధలో అంపైర్ వైపు చూడకుండానే రాజేశం గడిలో ఒకటి వేసేశాను.

సలీం మోచేత్తో పొడిచాడు. "దేవుడు ఏడికి పోడు సారూ. ముందుగాల అంపైర్‌ను చూడుండ్రి, పాపం ఒంటికాలి మీద నిలవడ్డడు."

అంపైర్ మోకాలు పైకెత్తి, దాన్ని చేత్తో తాకుతూ నిలబడి ఉన్నాడు. అది లెగ్‌బై సంకేతం. స్కోరర్ చెయ్యెత్తి అందినట్టు తెలిపేదాకా ఆయన ఆ సంకేతం వదలడు. సలీం అప్పటికే చెయ్యెత్తాడు. ఆయన చూస్తున్నది నా చేతి కోసం. ఎత్తాను.

లెగ్‌బై అయినా బ్యాటు పరుగైనా వక్రా జట్టుకు వచ్చేది ఒకటే. సలీం మాట్లాడకుండా ఊరుకున్నా వాళ్ళకు నష్టం లేదు. ఓవర్ చివర రెండు పుస్తకాలూ సరిచూసుకున్నాం. తప్పు అంకెను చెరపకూడదు. పాతది కనిపించేలా ఒక్క గీత కొట్టి, ఇద్దరు స్కోరర్లూ పొట్టి సంతకం చేయాలి. అలాగే చేసి పక్కన సున్నా వేశాను. సంతకం చేస్తూ సలీం, "నమాజ్‌కు పొయ్యేటప్పుడు నేను పుస్తకం మీకిచ్చే పోత గద" అన్నాడు. 

మ్యాచ్ అయ్యాక రాజేశం బల్ల దగ్గరికి వచ్చాడు. "ఎంత రాసిండ్రు సార్?"

"సున్నా. మన పుస్తకాల్లో ఇదే మొదటిది."

రాజేశం వంగి ఆ గడి చూశాడు. "ఇంటికి ఫోన్ చేసి చెప్తే, ఇన్నేండ్లు దుబాయ్‌ల ఉండి సున్న తెచ్చినవా అంటరు," అన్నాడు. వాళ్ళ ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే. అప్పుడు నవ్వాడు. జట్టంతా అతన్ని భుజాల మీదికెత్తి మైదానం చుట్టూ తిప్పింది. మేం గెలిచాం కూడా.

నేను రిటైరయ్యే దాకా ఆ గడిలాంటిది మరొకటి రాయలేదు. పక్కనే కొట్టేసిన ఒకటి అంకె ఇప్పటికీ కనిపిస్తుంది. స్వామి కృప మీద నాకు అనుమానం లేదు. అయితే పుస్తకం ముందు కూర్చున్నవాడు కళ్ళు తెరిచి ఉండాలి. ప్రార్థనకు వెళ్ళదలిస్తే ముందు పుస్తకం అప్పగించి వెళ్ళాలి.