పరదా వెనక రెండు స్పీకర్లు

గచ్చిబౌలిలో మా ఆఫీసు పక్కన బండ పగలగొట్టే యంత్రం మధ్యాహ్నం భోజనాల వేళకు ఆగుతుంది. మేం చేసే స్పీకర్ల కొలతలన్నీ ఆ కాసేపట్లోనే. ఇవాళ కూడా అది ఆగగానే పరీక్ష శబ్దం మొదలైంది. గుర్రుమంటూ పుట్టి, సన్నబడి, ఈలై పోయింది. ఈసారి కొలుస్తున్నది నేను ఆరేళ్ళ కిందట చేసిన స్పీకర్‌ని, కొత్తగా వచ్చిన ఇంకోదాని పక్కన పెట్టి. యాదగిరి సార్ గుర్తురాకుండా ఎలా ఉంటారు?

సార్‌ది గోపన్‌పల్లి. ఒకప్పుడు మా ల్యాబుకి పెద్ద ఆయనే. స్పీకర్ లోపల అదిరే కాగితం మీద గోటితో తట్టి, జిగురు ఎక్కడ ఊడిందో చెప్పేసేవారు. కాకినాడ నుంచి కొత్తగా వచ్చిన నేను నోరు తెరుచుకుని చూసేదాన్ని. ఆయన వయసులో ఉండగా చేసిన నడుమెత్తు టేకు స్పీకర్ పెట్టె ఒకటుండేది. అప్పట్లో అది గొప్పవాళ్ళ ఇళ్ళలోనే కనబడేదట. సార్ రిటైరయ్యే నెలలో దాన్నే ఆయన పేరుతో మళ్ళీ తయారుచేద్దామని కంపెనీ అనుకుంది. ఇప్పటి కుర్రాళ్ళు చేసిన చిన్న స్పీకర్ మీద అది నెగ్గితేనే సుమా.

కొలిచాం. కొత్తదాని గీత కంప్యూటర్‌లో తిన్నగా సాగింది, అంటే ఏ శబ్దాన్నీ పెంచలేదు, తగ్గించలేదు. సార్ పెట్టె గీత ఒకచోట ఉబ్బింది, ఇంకోచోట కుంగింది. నాకు ప్రాణం చివుక్కుమంది.

"గీతదేముందండి, పాతదాంట్లో జీవముంటుంది," అన్నాను.

"ఉంటే వినబడాలె గద బిడ్డా. పరదా కట్టు. రెండిట్ల సౌండ్ సమానం జెయ్యి. ఏది ఏందో నాకు చెప్పకు," అన్నారు.

గట్టిగా మోగేదే బాగున్నట్టు అనిపిస్తుందని నాకు నేర్పింది ఆయనే. ఆ చదువుని ఆయన మీదే ప్రయోగించాను. పరదా వెనక్కి వెళ్ళి, సార్ పెట్టె సౌండ్ రవ్వంత పెంచాను. ఒకే పాటని మొదట కొత్తదాంట్లో, తర్వాత సార్‌దాంట్లో వినిపించాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

"రెండోది పెంచినవా? తబలా ఎంత దగ్గరికొచ్చిందో గొంతు గూడ గంతే దగ్గరికొచ్చింది. గిది మంచిగుండుడు గాదు, గట్టిగుండుడు. జర తగ్గించు," అన్నారు మెల్లగా.

నాకు తల కొట్టేసినట్టయింది. తగ్గించాను. వరస మార్చి మార్చి ఐదుసార్లు వినిపించాను. ఐదుసార్లూ కొత్తదాన్నే మెచ్చుకున్నారు. ఇక ఆ పెట్టె రాదు, ఆయన పేరూ రాదు. పరదా తీస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

"మీదాన్ని మీరు గుర్తుపట్టలేదాండీ?" అని అడిగాను.

"మొదటి పాటకే వట్టిన. గుర్తుపడితే ఏంది? మంచిగున్నది మంచిగున్నదే గద."

జేబురుమాలు తీసి టేకు పెట్టె మీద దుమ్ము తుడిచారు. "ఆ ఉబ్బు నాకప్పుడు వినబడలే. మస్తు నేర్చుకున్నరు పోరగాండ్లు," అన్నారు. ఆ గొంతులో నిజమైన సంతోషం ఉంది. అంత పెద్ద మనిషిని నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. రిపోర్టు కూడా తనే రాసి సంతకం పెట్టారు.

ఇవాళ పరదా వెనక నా సహోద్యోగి శ్రావణి ఉంది. నేనంటే ఆ పిల్లకి ప్రాణం.

"సౌండ్ సమానంగా ఉందా?" అని అడిగాను.

ముందు సౌండ్ బటన్ తిప్పిన చప్పుడు వినబడింది. "ఇప్పుడుంది మేడమ్," అంది.

మొదటి పాటకే నాదేదో తెలిసిపోయింది. పాటలు పూర్తయ్యేదాకా కళ్ళు తెరవలేదు.

"రెండోది బాగుంది," అన్నాను. నాది మొదటిది.