దిగువ వీధి సబ్బు

మా అక్క రెబెక్కమ్మ పోయి ఈ వేసవికి ఏడాది. బావ పోయాక ఆమె ఒక పెద్ద కంపెనీ సరుకులు తీసుకుని ఊరూరా ఇంటింటికీ తిరిగి అమ్మింది. నేను బండి నడిపేవాణ్ణి. ఆమె వెనక కూర్చుని సంచులు ఒళ్ళో పెట్టుకునేది.

జువ్వలదిన్నె దాటాక ఒక చిన్న పాలెం, అందులో రెండు వీధులు. అక్క సరుకు చాలావరకు అక్కడే పోయేది. ఎప్పుడో ఒకరి పడవ మరొకరి వల చించిందని మొదలైన తగవు చివరికి సబ్బుల దాకా వచ్చింది. ఎగువ వీధి ఎర్ర సబ్బు వాడుతుంది కాబట్టి దిగువ వీధి ఆకుపచ్చదే వాడేది.

ఒక ఏడాది కంపెనీ ఆకుపచ్చ సబ్బు ఆపేసింది. నెల్లూరు మీటింగులో చెప్పారు. అసలది పోటీ కంపెనీ సబ్బట. మా కంపెనీ చాలాకాలం కిందటే దాన్ని పేరుతో సహా కొనేసి, ఇప్పుడు ఒకే ఇంట్లో రెండెందుకని మూసేసింది. దిగువ వీధి పోతే అక్కకు సగం అమ్మకం పోయినట్టే. మిగతా సగానికి ఏజెన్సీ ఉంచరు.

సూపర్‌వైజర్ కిషోర్ బాబు ఉపాయం చెప్పాడు. "ఆకుపచ్చదానికి ఒంటిమీద దద్దుర్లు వస్తన్నాయంట అని చెప్పక్కా. వాళ్ళే ఎర్రదానికి వస్తారు."

"నిన్నటిదాకా నా చేత్తో ఇచ్చింది సార్. రేపు ఏ మొహం పెట్టుకుని పొయ్యేది?" అంది అక్క.

మర్నాడే దిగువ వీధికి బండి తిప్పమంది. వీధి పెద్ద ముత్యాలయ్య అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. అక్క ఎర్ర సబ్బు తీసి ఆయన ముందు పెట్టింది.

"ఏంది రెబెక్కమ్మా, దారి తప్పినావా? అది ఎగువోళ్ళది."

"మీ సబ్బు ఇంక రాదు మామా. ఇదీ అదీ ఎప్పట్నించో ఒక్క కంపెనీవే. అట్ట వెనక చూడు."

ఆయన కోడలు భానుప్రియ ఇంట్లోంచి పాత అట్ట తెచ్చి పక్కన పెట్టి చూసింది. "నిజమే మామా!"

"అయితే ఇన్నాళ్ళూ మనం వాళ్ళ సబ్బు రుద్దుకున్నామా?"

"కాదులే మామా, వాళ్ళే మన సబ్బు రుద్దుకున్నారు" అంది కోడలు.

చుట్టూ చేరిన ఆడవాళ్ళు పకపకా నవ్వారు. ముత్యాలయ్య నవ్వలేదు. "ఎర్రది మా గడప తొక్కదు. తీసకపో."

"పోతా. మళ్ళా వారం వస్తా."

అన్నట్టే వెళ్ళింది. ఆ వారమే కాదు, ప్రతి వారమూ. మొహం మీదే తలుపు వేస్తే పక్కింటి తలుపు కొట్టేది. నాకే విసుగొచ్చి, "పెట్రోలు దండగక్కా" అన్నాను.

"వాళ్ళు నీళ్ళు పోసుకోవడం మానలేదు గదా అబ్బయ్యా!" అంది.

చివరికి ఒకరోజు ముత్యాలయ్యే పిలిచాడు. "మీ కంపెనీలో ఇంకో రంగే లేదా?"

అక్క అటునుంచి అటే బండిని నెల్లూరు పోనిమ్మంది. నీలం సబ్బు ఉంది గానీ టౌను షాపులకే ఇస్తామన్నాడు కిషోర్ బాబు. ఆమె స్టాకు గది ముందు బల్ల మీద కూర్చుంది.

"పెట్టె ఇచ్చేదాకా లేవను సార్. అన్నం కూడా తెచ్చుకున్నా."

సాయంత్రానికి పెట్టె మా బండెక్కింది.

మర్నాడు ముత్యాలయ్య నీలం సబ్బును అటూ ఇటూ తిప్పి వాసన చూశాడు.

"ముందే చెప్తుండా మామా, ఇదీ ఆ కంపెనీదే."

"తెలుసులేమ్మా. ఎగువ వీధిలో మాత్రం అమ్మబాక."

"వాళ్ళడిగితే అమ్ముతా."

ఆయన సబ్బును అరుగు మీద పెట్టాడు. "సరే, ముందు మాకు దించు" అన్నాడు.