టోపీలు పెట్టుకొచ్చిన ఆదివారం

దయ్యాలున్నాయా సార్ అని మా పాలిటెక్నిక్ పిల్లలు అడిగితే, ముందు ట్రాన్స్‌ఫార్మర్ లెక్క చెయ్యండి, తరవాత దయ్యాల సంగతి చూద్దాం అనేవాణ్ణి. ఇప్పటికీ అదే అంటాను. కానీ ఒక ఆదివారం సంగతి మాత్రం నా లెక్కకి అందడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది సూర్యుడి మచ్చలు లెక్కపెట్టే బృందం. ఏలూరులో నేను, పెంటపాడులో స్కూలు టీచరు పద్మ గారు, జంగారెడ్డిగూడెంలో పామాయిల్ తోట ఉన్న రమణమూర్తి గారు, కొల్లేరులో చేపల చెరువులు చేసుకునే ఏడుకొండలు. ఎవరి ఊళ్ళో వాళ్ళం చిన్న టెలిస్కోపులోంచి సూర్యబింబం తెల్లకాగితం మీద పడేలా చేసి, కనిపించిన మచ్చల్ని పెన్సిలుతో గీసి ఒక పరిశోధనా సంస్థకి పంపుతాం. వాళ్ళు మమ్మల్ని వర్కింగ్ గ్రూపు అంటారు.

దాన్ని మొదలుపెట్టింది, నడిపింది విశాలాక్షి గారు. తాడేపల్లిగూడెంలో ఫిజిక్సు లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. ప్రతి శనివారం సాయంత్రం అందరికీ విడివిడిగా ఫోన్ చేసేవారు. ఇంట్లోవాళ్ళ సంగతులన్నీ అడిగాకే సూర్యుడి దగ్గరికి వచ్చేవారు. మబ్బు పట్టి ఏమీ కనిపించకపోతే ఆ మాటే రాసి పంపమనేవారు, ఊరుకోవద్దనేవారు. ఫోన్ పెట్టేముందు ఎప్పుడూ ఒకటే మాట: "ఎండలో నిలబడతారు, టోపీ మరిచిపోకండి." నలభై దాటినవాణ్ణి, టోపీ గురించి చెప్పించుకోవాలా అని నవ్వుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట ఒక్కసారి వినాలని ప్రాణం కొట్టుకుంటుంది.

కిందటి వానాకాలంలో ఆవిడ పోయారు. బృందం బాధ్యత నా నెత్తిన పడింది. నాకేమో ఫోన్‌లో మాట్లాడటం చేతకాదు. బాగున్నారా అన్నాక ఇంకేం అడగాలో తోచదు. అందుకని మెసేజ్‌ల గ్రూపు ఒకటి పెట్టాను. ఏ రోజుకి ఏది పంపాలో గడువులు పెట్టాను. అంతా పద్ధతిగానే ఉండేది, మనుషులే తగ్గిపోయారు. ముందు రమణమూర్తి గారు మానేశారు, తరవాత పద్మ గారు. చివరికి నా మెసేజ్ కింద మళ్ళీ నా మెసేజే ఉండేది. మీ బృందం ఇంకా ఉందా అని సంస్థవాళ్ళు మర్యాదగానే అడిగారు. ఆవిడ అంత ప్రేమగా పెంచింది నా చేతుల్లో పోతోందని దిగులు పట్టుకుంది. ఆవిడ నంబరు తీసి చూసుకుంటూ కూర్చునేవాణ్ణి.

ఆఖరికి మూసేద్దామని నిర్ణయించుకున్నాను. బృందం మొత్తానికీ చెందిన పెద్ద టెలిస్కోపు ఏడుకొండలు చెరువు గట్టు మీది షెడ్డులో ఉంటుంది. అక్కడ ఆకాశానికి అడ్డమేమీ ఉండదు. ఆదివారం వచ్చి దాన్ని తీసుకెళ్ళిపోతానని అతనికొక్కడికే మెసేజ్ పెట్టాను. మర్నాడే నా ఫోన్ కిందపడి డిస్‌ప్లే పగిలింది. ఏలూరు పవర్‌పేటలో ఒక షాపులో రిపేరుకిచ్చి, సిమ్ తీసి పర్సులో పెట్టుకున్నాను. ఈ ముక్క గుర్తుంచుకోండి.

ఆదివారం పొద్దున్న కొల్లేరంతా పొగమంచు. గట్టు మీద బైకు లైటు వేసుకుని నడపాల్సి వచ్చింది. నీళ్ళెక్కడో, ఆకాశమెక్కడో తెలియడం లేదు. షెడ్డు దగ్గర ఏడుకొండలుతో పాటు పద్మ గారు, రమణమూర్తి గారు కూడా నిలబడి ఉన్నారు. సూర్యుడి జాడే లేని ఆ మంచులో ముగ్గురి తలల మీదా టోపీలున్నాయి.

మీరెలా వచ్చారని అడిగితే పద్మ గారు నావైపు వింతగా చూశారు.

"అదేంటండీ, నిన్న సాయంత్రం మీరే కదండీ ఫోన్ చేసి రమ్మన్నారు. అమ్మకి కంటి పట్టీ విప్పారా అని కూడా అడిగారు. ఆపరేషన్ సంగతి మీకెవరు చెప్పారా అనుకున్నానండీ."

నాకెవరూ చెప్పలేదు. రమణమూర్తి గారిని కోడలి పురుడు గురించి అడిగానట. ఏడుకొండలుని, చేపలు గాలాడక నీటిపైకి తేలడం తగ్గిందా అన్నానట. ఆఖర్న ముగ్గురికీ టోపీ మరిచిపోవద్దని చెప్పానట.

గొంతు ఎవరిదని అడిగాను.

"మీదేనండి బాబూ," అన్నాడు ఏడుకొండలు. "కాపోతే తాపీగా మాట్లాడేరండి. మీరలా మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదండి."

అతని ఫోన్‌లో నా నంబరే ఉంది. మిగతా ఇద్దరి ఫోన్లలోనూ అంతే. పర్సు తీసి చూసుకున్నాను. సిమ్ పెట్టినచోటే ఉంది.

టెలిస్కోపు తీసుకెళ్ళే సంగతి నేనెత్తలేదు, ఏడుకొండలూ ఎత్తలేదు. మంచు విడిచేదాకా టీ తాగుతూ కూర్చున్నాం. పద్మ గారు వాళ్ళమ్మగారి కన్ను గురించి చెబుతుంటే విన్నాను. ఎండొచ్చాక నలుగురం కలిసి మచ్చలు గీసి పంపాం.

తరవాత విచారించాను. శనివారమంతా నా ఫోన్ బల్ల మీద విప్పేసే ఉందని షాపతను చెప్పాడు. వేరొకరి నంబరుతో, గొంతుతో ఫోన్ చెయ్యడం ఇప్పుడు పెద్ద పనేమీ కాదని మా కంప్యూటర్స్ లెక్చరరు అన్నాడు. కావచ్చు. కానీ కంటి పట్టీ, కోడలి పురుడు, చేపల సంగతి, ఈ మూడూ తెలిసినవాళ్ళెవరు? ఆవిడ ఉంటే ఆవిడకి తెలిసేవి. అవన్నీ ఆవిడ పోయాక జరిగినవి.

ఇప్పుడు శనివారం సాయంత్రాలు నేనే అందరికీ ఫోన్ చేస్తున్నాను. తడబడుతూనే అడుగుతాను, వాళ్ళే చెబుతారు. అన్నీ అయ్యాక ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కాసేపు కూర్చుంటాను. ఆ శనివారం నా ఫోన్ బాగుండి ఉంటే నాకూ ఆ ఫోన్ వచ్చేదేమో అనిపిస్తుంది. ఆ ఆదివారం గట్టు మీద టోపీ లేకుండా నిలబడింది నేనొక్కణ్ణే.